చెదలు తిన్న షాంఘై

మక్తల్ కాలేజీ, రెండో పీరియడ్. కరెంటు లేదు.
పటంల చైనా అంచు చెదలు తిన్నది;
షాంఘై ఉండాల్సిన కాడ
ఉత్త గోడ.

"ఊరి రిజిస్ట్రేషన్‌ని హుకౌ అంటరు.
ఈమధ్య కొంచెం సడలించిండ్రు గని,
పట్నంల మేడలు కట్టినోళ్ల పిల్లలకు
ఆ పట్నం బడిల సీటు ఇంకా కష్టమే.
ఐదు మార్కులకొస్తది, రాసుకోండ్రి."

పెన్నులు కదిలినయి.
కుర్మూర్తిది కదల్లే.
"సార్, ఆడ గూడ
గుంపుమేస్త్రి అడ్వాన్సు ఇస్తడా?"

ఎవ్వరూ నవ్వలే.
ఆరో తరగతి వాడు చదవలే,
ఆ ఏడంతా పూణెల
అవ్వతోని ఇసుక జల్లెడ పట్టిండు.

నా నోట్సుల జవాబు లేదు.
తెల్వదు బిడ్డా, అన్న.

వాడే లేచొచ్చి
చాక్‌పీసుతోని గోడ మీద చుక్క పెట్టిండు.
షాంఘైయో, పూణెనో
అడుగుదామనుకునే లోపల
బెల్లు.