పదారు దినాల జడ

ఆలూరు సుగ్గి హాస్టల్లో
నలభై రెండు నెత్తులు నా చేతికింద.
తెల్లారి ఐదుకు మొదలుపెడితే
ప్రార్థన గంటకు ఇంగా నాలుగైదు మిగిలే ఉంటాయి.
వార్డెనమ్మ మాట ఒకటే:
బిగించి ఎయ్, ఒక్క ఎంటిక గాలికి లేయకూడదు.
బిగించినా. ఏండ్లుగా బిగించినా.
కనుబొమ్మలు పైకి లేచేదంకా లాగి
రిబ్బను మడిచి ముడేసి
పో, అని వీపు తట్టినా.

వీళ్లమ్మలు గుంటూరు దిక్కు
మిరప కోతకు పోయినారు.
లారీ ఎక్కే ముందర రాత్రి
ఒగే బల్బు కింద కూతుర్లను కూచోబెట్టుకొని
జడలేసి పోయినారు.
మిగతా పిల్లోల్లు రెండు దినాలకే ఇప్పుకున్యారు.
సుంకమ్మ ఇప్పలేదు.
"మాయమ్మ ఏసింది" అనింది. అంతే.

మూడోనాడు అడిగినా. ఏడోనాడు అడిగినా.
దువ్వెన కనపడితే మంచం కిందికి దూరేది.
మార్చిలోనే నలభై దాటె ఎండ.
రేకుల గది మధ్యాన్నానికి పెనమైతాది.
చెమట పాపట్లో పారి, అక్కడే ఎండి
తెల్లటి ఉప్పు గీత గీసేది.
పదోనాడు చీపురుపుల్లతో గోక్కుంటాంటే చూసినా.
పన్నెండోనాడు పక్కలో పండుకునే మాబున్ని
దుప్పటి ఎత్తుకొని అవతలికి పోయె.
పదారోనాడు చెవి ఎనక
శనగగింజంత సెగగడ్డ.

కొట్టేదానికి చెయ్యి రాలేదు.
గడపలో కూచోబెట్టి బతిమాలినా:
ఒగ పక్క ఇప్పుదాం మే.
ఇంగొగ పక్క మీయమ్మది అట్లే ఉంటాది.
శానాసేపు లెక్కేసింది.
"ఎడమది."

ఇప్పతాంటే తెలిసె.
ఆ తల్లి బిగించలేదు.
కుదుళ్ల కాడ వేలు పట్టేంత వదులు,
చెవి దాటినంక గట్టి.
నుదుటి మీది చంటి ఎంటికల్ని
పాయలో కలపనే లేదు.
నూనె కొసలకే, మాడుకు కాదు,
దుమ్ము కర్సుకోకుండా.
మట్టిలో పనిచేసే మనిషి
మట్టిని తెలిసి ఏసిన జడ.
వారానికని ఏసింది,
పదారు దినాలకు కాదు.
అది ఆమె తప్పు కాదు.

పాపట పలచబడిన ఈరక్క గ్యాపకమొచ్చె,
నుదురు రెండు వేళ్లు వెనక్కి జరిగిన లచ్చుమక్క.
బువ్వ చాలక అనుకుంటి.
మాయమ్మ నాకు ఏసింది గూడ ఇట్లే:
బిగిస్తే పద్ధతి, వదిలితే పొగరు.
ఎవురు చెప్పిన్యారో, అదే నా చేతికొచ్చె.

ఆ దినం ట్యాంకరొచ్చింది.
ఇద్దరికొగ బకెట్, అంతకు మించి లేదు.
బోరునీళ్లకు సబ్బు నురగే రాదు,
ఇవి కొంచెం మేలు.
ఆశకొద్దీ రాత్రే నానేసిన కుంకుళ్లు పిసికి
ముందర పుల్లమజ్జిగ పట్టించి
గోరు తగలనీకుండా వేళ్ల మెత్తతో
ఎడమ పక్క మటుకే కడిగినా.
నీళ్లు టీ రంగులో పోయె.
గడ్డమీద యాపాకు నూరి పెడితే
బూతు మాట ఒగటి అనింది.
యాడ నేర్సినావే అంటే
పోయినేడు లారీలో, అనింది.
తడి జడ అల్లితే లోపల మగ్గుతాదని
మెట్ల మీద, నీడలో కూచోబెట్టినా.
సగం నెత్తి గాలికి, సగం వాళ్లమ్మకు.

మళ్లా ట్యాంకరొచ్చిన దినం
కుడిదాన్ని తనే పట్టుకొచ్చె.
"ఎట్ల ఏసిందో బాగ చూసుకో.
మళ్లా మర్చిపోతావు."

ఇప్పుడు ఐదుకు కాదు, నాలుగుకే లేస్తాండా.
వదులు జడకు బిగువు జడకంటే పొద్దు పడతాది.
జడలు జారినాయని వార్డెనమ్మ
బుక్కులో రాసింది. రాసుకోనీ.
ఆదివారం మాపున రిబ్బన్లన్నీ తీగ మీద.
నలభై రెండు నెత్తులు ఇప్పుకొని
వరండాలో గాలికి కూచుంటాయి,
గాలొస్తే.

నిన్న నా ఫోనుకు సుంకమ్మ తల్లి.
మిరప ఘాటుకు దగ్గుకుంటా అడిగింది:
తిన్యావా, పండుకున్యావా,
నెత్తి ఎవురు దువ్వుతాండారు?
బిడ్డ నా దిక్కు చూసి
నాకు ఇనపడేటట్లే చెప్పె:
"ఆయమ్మ నేర్సుకుంటాంది మా.
ఎడమ పాయ ఇంగా జారుతాది."