ఏటికి సిరా లేదు

చంద్రగిరి కొండకు ఎదురుగా
సోడా బండి నీడలో కూచున్నాం
గుణశేఖరం సారూ నేనూ.

ముప్పై రెండేళ్లు చిత్తూరు సర్వే ఆఫీసులో ట్రేసరు ఆయన.
పొలం గట్లను కాగితమ్మీద
వెంట్రుకవాసి తప్పకుండా లాగిన చెయ్యి.
"ఆ గీతల మీద అన్నదమ్ములు కోర్టుకెక్కినారు మే,
ఒక్క గీతా ఊపిరి పీల్చలే" అంటాడు.

ఇప్పుడు స్కేలు లేదు.
కాళాస్తి నుంచి తెచ్చిన వెదురు కలం,
బాలింతరాలిలా నడుముకు గుడ్డ చుట్టుకుని.
బెల్లంలో తుప్పు మేకులు ఇరవై రోజులు ఊరిన నలుపు.
పలకకు బిగించిన, కరక్కాయ నీళ్లు తాగిన బట్ట.

నా కొండను చూసి
"ఇది కొండ గాదు, గుడ్డలారేసే తీగ" అన్నాడు.
నిజమే. ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే లావు,
ఎక్కడా ఆయాసం లేదు.

"ఎప్పుడైనా ఎక్కినావా?"
ఎక్కినాను. ఎనిమిదో తరగతిలో,
కత్తిరి ఎండలో, చెప్పులు తెగిపోయి.
"కాళ్లు యాడ కాలినాయో ఆడ నొక్కు.
యాడ కూలబడినావో ఆడ కలం ఎత్తు."

నొక్కాను. చుట్టిన గుడ్డలోంచి నలుపు దిగింది,
బండ బరువు మణికట్టులోకి ఎక్కింది.
కోట గోడ దాకా వచ్చేసరికి సిరా అయిపోయి
గీత గరగరమంది,
చీలి, పొరలు పొరలుగా చీలి
బోదగడ్డి తనంతట తనే మొలిచింది.
మళ్లీ ముంచబోతే చెయ్యి పట్టుకున్నాడు.
"వానే లేని చోట గీతకెందుకు తడి?"

పైన, ఆ ఒంటి గుండు దగ్గర
వేలు వణికింది. దిద్దబోయాను.
"ఉండనీ. గాలి అనుకుంటారు."

ఇక స్వర్ణముఖి.
నిండా ముంచి తీశాను కలం.
తలెత్తితే
ఇసుక, ట్రాక్టరు చక్రాల జాడ,
చెలమ తవ్వి వదిలేసిన గుంట.
ఈసారి సారు ఏమీ అనలేదు.
బొట్టును కుండ అంచుకు తుడిచేసి
ఈ గట్టుకొక సన్నగీత, ఆ గట్టుకొకటి.
నడుమ బట్టను బట్టగానే వదిలేశాను.

గీసేటప్పుడు అంతా బూడిదే.
గోలీ సోడా తాగి, మూతి తుడుచుకుని చూస్తే
కొండ నల్లబడి ఉంది,
కాళ్లు కాలిన చోట ఇంకా ఎక్కువగా.

సారు చాలాసేపు ఆ ఖాళీనే చూశాడు.
జేబులోంచి పెన్సిలు తీసి, పాత అలవాటున
గట్టుకూ గట్టుకూ మధ్య దూరం పట్టబోయి
ఎందుకో
మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు.