వాటం

ఆషాఢం. ముహూర్తాల్లేవు.
వైశాఖం పెళ్ళిళ్ళన్నీ నా హార్డ్ డిస్కులో మాగుతున్నాయి.
చిత్తూరు చర్చి వీధిలో పల్ప్ ఫ్యాక్టరీకి పోయే లారీల నుంచి
బెంగళూరా కాయల వాసన
మెట్లెక్కి స్టూడియోలోకి వచ్చి కూర్చుంటుంది,
అడ్వాన్సు ఇచ్చిపోయిన వాళ్ళలాగా.

పలమనేరు పెళ్ళికూతురు ఫోను:
"అన్నా, నలుగు అయిపోయి తాళి వచ్చే చోట
కాగితం చినిగినట్టు రావాల. చేత్తో చేసినట్టుండాల.
మిషను చేసినట్టుంటే మా నాయన బాకీ డబ్బులియ్యడు."

కొన్న టెంప్లేట్లు నలభై ఉన్నాయి.
నలభైలోనూ ఒకటే చిరుగు.
ఒకచోట ఎడమకి తిప్పారు, ఒకచోట తలకిందులు చేశారు,
ఒకచోట కాస్త పాతరంగు పూశారు.
మూడోసారికి కన్ను పట్టేస్తుంది,
అద్దెనగలు పెట్టుకున్న మెడని పట్టేసినట్టు.

నేనే చించాను.
ఆకుపచ్చ గుడ్డ మీద జిరాక్సు కాగితం.
వేలెడంత చించడం, ఒక ఫోటో. వేలెడంత, ఒక ఫోటో.
టైమ్‌లైన్‌లో పరిచి చూస్తే
కత్తెర సిగ్గుపడేంత తిన్నగా ఉంది.
చినిగిన అంచుకి ఉండాల్సిన
ఆ తెల్లటి బొచ్చు లేదు.

మెట్ల కింద చెంగల్రాయులు బైండింగు అంగడి.
నలభై ఏళ్ళుగా కోర్టు కట్టలు, మండీ లెక్కల పుస్తకాలు,
అట్టలూడిన డిక్షనరీలు.
నా కాగితాన్ని వెలుతురుకి పట్టి చూశాడు
పిల్లోడి నాలుక చూసే డాక్టరులా.
"వాటంగా చించినావబ్బా, అందుకే నీ మాట విన్నింది.
కట్టెకున్నట్టే కాగితానికీ వాటముంటాది.
అడ్డంగా చించు. దానికి తోచినట్టు అది పోతాది."

పాత మండీ పుస్తకంలోంచి రాయని పేజీ ఒకటి తీశాడు.
నీలిగీతలు. మైలుతుత్తం కలిపిన మైదా జిగురు వాసన.
"నువ్వే చించు మామా" అన్నాను, కెమెరా స్టాండుకి బిగించి.
పట్టుకున్నాడు. రెండు బొటనవేళ్ళూ అంచు మీద.
చించలేదు.

లారీ ఒకటి పోయింది.
ఇంకోటి పోయింది.

"అతికేదే గాని..." అన్నాడు. మిగతాది అనలేదు.

ఆ తర్వాత చించాడు.
అంగుళం, ఆగి. అర అంగుళం, ఆగి.
నడిమధ్యలో ఏదో మర్చిపోయి వెనక్కి వచ్చినట్టు
చిరుగు పైకి తిరిగి, నీలిగీత దాటి,
మళ్ళీ దారిలో పడింది.
తొమ్మిది ఫోటోలు.

రాత్రి ఒక్కోదాన్నీ రెండేసి ఫ్రేములు నిలబెట్టాను.
మరీ నున్నగా కదిలితే అది కాగితం కాదు, నీళ్ళు.
అంచు కింద సన్నటి నీడ పెట్టాను,
నీడ లేకపోతే బరువుండదు.
ఆకుపచ్చ తీసేస్తే నీలిగీతలు కూడా సగం పోయాయి,
వాటిని ఒక్కొక్కటే వెనక్కి పిలుచుకున్నాను.
వేళ్ళు కనపడకుండా మాస్క్ గీస్తూ గీస్తూ
ఏడో ఫోటో దగ్గర ఆగాను.
గోరు.
జిగురు ఎండి, కొనలో చిట్లి,
కాగితం కన్నా అదే ఎక్కువ చేత్తో చేసినట్టుంది.
వదిలేశాను.
రెండు ఫ్రేములు. ఎవరు చూస్తారు.

నలుగుపిండి బుగ్గలతో నవ్వుతున్న పిల్ల
మధ్యకి చినుగుతుంది.
సందులోంచి డోలు, పసుపుతాడు,
ఇంకా కింద పడని అక్షింతలు.
మొత్తం కలిపి సెకను కూడా కాదు.

పొద్దున్నే మెసేజి: "సూపరన్నా. ఏ యాప్?"
పది నిమిషాలకి ఇంకోటి:
"మా నాయన అడగమన్నాడు, నడాన కనపడే ఆ గోరు ఎవరిది?"

చెంగల్రాయులుకి ఫోనులో చూపించాను.
మూడుసార్లు చూశాడు. పెళ్ళి చూడలేదు.
"ఆ కాగితం యాడ పెట్టినావు?" అన్నాడు.
డ్రాయరులోంచి తీసి రెండు ముక్కలూ ఇచ్చాను.

మర్నాడు స్టూడియో తాళం తీయబోతే
గడప మీద మండీ పేజీ, ఎగిరిపోకుండా పైన తూకంరాయి.
వెనక పలచటి పట్టీ వేసి అతికాడు.
వెలుతురుకి పట్టి చూస్తేగాని తెలీదు.
మూలన పెన్సిలుతో చిన్న అక్షరాలు:
ఇంకో పెళ్ళికి చించుకో.

పలమనేరుకి జవాబు ఇంకా రాయలేదు.