మూడో మలుపు

వారమంతా మిర్చి యార్డులో టిక్కీలకి కాటా వేసే మస్తాన్‌వలి
ఆదివారం తనని తాను తూచుకుంటాడు,
కొండవీడు ఘాట్ మీద.

నాలుగున్నరకి లాడ్జి సెంటర్లో టీ.
ఫిరంగిపురం చర్చి గంట వినపడేసరికి
పత్తిచేల మీద మంచు విడుతోంది.
కబుర్లు అక్కడితో సరి.
ఎక్కుడు మొదలైతే ఎవడి ఊపిరి వాడిదే.

నాది ఇరవైరెండు గేర్ల బండి, వాయిదాలింకా ఉన్నాయి.
అతనిది వాళ్ళ మామది, క్యారియర్‌కి గోతాంతాడు చుట్టింది చుట్టినట్టే ఉంది.

మొదటి మలుపులో గేరు దించాను.
రెండోదాంట్లో, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను.
మూడోదాంట్లో కాలు కింద పెట్టాను.

అతను ఆగలేదు.
సీటు మీంచి లేచి, ఒంటి బరువంతా ఒక్కో పెడలుకీ పంచుతూ
దగ్గి, ఎర్రగా ఉమ్మి,
"కారమేలే, నెత్తురు కాదు" అని నవ్వి
మలుపు తిరిగాడు.
ఆ నవ్వు మాత్రం కాసేపు నా పక్కనే నిలబడింది,
నేను నమ్మానో లేదో చూడ్డానికి.

ఎలాగో పైకి చేరాను, సగం తొక్కి సగం నెట్టి.
బురుజు నీడలో సీతాఫలం చిదిపి
సగం నాకిచ్చాడు.
గింజలు లోయలోకి ఊస్తూ
ఎవరిది దూరం పడిందో పోట్లాడుకున్నాం,
సోమవారం ఊసెత్తకుండా.