చీటీల పెట్టె

గుంటూరు మిర్చి యార్డులో దొరికింది.
తాలుకాయల కుప్ప పక్కన, ఎడమ రెక్క వేలాడేసి,
ఘాటుకి తుమ్ముతూ.
గద్ద తుమ్మడం నేనప్పుడే చూశాను.

హమాలీ సాలమోను గోనెసంచిలో చుట్టి
సైకిలు మీద పశువుల ఆసుపత్రికి తెచ్చాడు.
అతని ముంజేతి మీద మూడు గాట్లు, నెత్తురు.
"ముందు దాన్ని చూడండి సార్" అన్నాడు.
నేను సార్ని కాను. కాంపౌండర్ని.

కాకుల్ని కొట్టి గద్దలకు వేస్తారని
లోకాన్ని తిట్టుకుంటూ పెరిగినవాణ్ణి.
ఇప్పుడు పొద్దున్నే కోడిపేగులు కోసి
కర్రతో కాకుల్ని తోలి
నిజంగా గద్దకే వేస్తున్నాను.

మూడో వారం కమిటీ వాళ్ళొచ్చి
గేటు దగ్గర అట్టపెట్టె పెట్టారు:
పేరు పెట్టండి, ప్రెషర్ కుక్కర్ గెలవండి.

రాత్రి డ్యూటీలో చీటీలు విప్పాను.
గరుడ. గరుడ. గరుత్మంతుడు. మళ్ళీ గరుడ.
రెక్క సంగతి తెలిసినవాళ్ళు జటాయువన్నారు.
బ్రాడీపేట పిల్లాడు రాకెట్ అని రాసి బొమ్మ కూడా వేశాడు.
ఒక కమీషన్ ఏజెంటు తన కొట్టు పేరే రాసి
కింద ఫోన్ నంబరిచ్చాడు.
యార్డు జనం మూకుమ్మడిగా తేజ అన్నారు,
ఆ వారం ఆ రకానికే రేటు.

అడుగున, నోటుబుక్కు కాగితం:
"దొంగసచ్చింది.
నావి పదకొండు కోడిపిల్లల్ని తన్నుకుపోయింది.
ఇట్లు, తొడిమలు తీసే ఏసమ్మ."
దాని కిందే, గుండ్రటి చిన్న అక్షరాలు:
"నేను మనవరాల్ని. మామ్మ చెప్తే రాశాను.
అది తిన్నదా లేదా అని రోజూ అడుగుతోంది."

తేజ గెలిచింది.
లాటరీలో కుక్కర్ కొరిటెపాడు టీచరమ్మకి తగిలింది.
వదిలేరోజు ఫొటోలవాళ్ళు, పూలదండ కూడా.
దండ దేనికో ఎవరికీ తెలియలేదు, నా మెడలో వేశారు.
తేజా, తేజా అని అందరూ అరిచారు.
అది ఎవరివైపూ చూడలేదు,
నావైపు కూడా.
కాస్త ఎడమకి ఒరుగుతూ చుట్టుగుంట మీదుగా పోయింది.

సాయంత్రం యార్డు వెనక గుడిసెలకి వెళ్ళాను,
తిన్నదని చెబుదామని.
ఏసమ్మ వాకిట్లో ఉంది.
కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టి ఆకాశంలోకి చూస్తోంది.
"వచ్చావంటే దొంగసచ్చిందానా" అంటూ
కాలితో గంప దగ్గరికి లాక్కుని
ఒక్కొక్క పిల్లనే కిందికి తోసింది.
చూపు మాత్రం
పైనుంచి దించలేదు.