రెండు వేళ్ళు

బాబోయ్.
మన నోట్లో అది ఉలిక్కిపాటు,
పామును చూస్తేనో, కరెంటు బిల్లు చూస్తేనో జారే మాట.
దవావోలో దాని అర్థం పంది.

అది తెలియని మొదటి వారం
మతీనా సందులో, టైర్ల దుకాణం మీది జిమ్‌లో
ఎవరో ఎవరినో అలా పిలిస్తే
దేన్నో చూసి జడుసుకున్నాడనుకుని
నేనూ వెనక్కి తిరిగి చూశాను.

అక్కడ జున్రెల్ ఉన్నాడు.
పంతొమ్మిదేళ్ళు. హార్డ్‌వేర్ కొట్లో పని.
పొద్దున్నించీ సిమెంటు బస్తాలు మోసిన భుజం మీద
బూడిద రంగు ఇంకా పోలేదు.
అయినా సాయంత్రం ఇక్కడికొచ్చి
డబ్బులిచ్చి మరీ బరువులెత్తుతాడు.
అవి కొట్టువాడివి, ఇవి నావి, అంటాడు.

అతనికో అలవాటు.
చెమటకి చొక్కా పొట్టకి అంటుకోగానే
బొటనవేలూ చూపుడువేలూ కలిపి
కాలే పెనం మీది అట్టు అంచు గిల్లినట్టు
గుడ్డను పట్టి ముందుకి లాగుతాడు.
క్షణంపాటు పొట్టకీ చొక్కాకీ మధ్య గాలి.
ఆ కాస్త గాలిలోనే నిలబడతాడు.

మూడు గోడలకీ అద్దాలు.
కిటికీ పక్కది మనిషిని కొంచెం పొడుగు చేస్తుంది,
అందరికీ దాని ముందే పని.
నాలుగో గోడకి అద్దం లేదు గాని
అక్కడ బెంచీ ఉంది, బెంచీ మీద కుర్రాళ్ళున్నారు.

"ఏం తంబోక్, ఇవాళ ఎన్ని గిన్నెల అన్నం?"
"మెల్లిగా దిగరా, మెట్లకి పిల్లలున్నాయి!"

ఎవరూ కోపంగా అనరు.
నీళ్ళ సీసా చేతికిస్తూ అంటారు,
అన్నాక భుజం తడతారు.
వీధి చివర అరటికాయలు వేయించే ఆవిడ అంటుంది,
చర్చి మెట్ల మీద మేనత్త
బుగ్గ పుణికి మరీ అంటుంది, ఒళ్ళు చేశావురా అని.
అక్కడది కుశలప్రశ్న.
బాగున్నావా అని అడగరు,
ఎంతున్నావో చెప్పేస్తారు.
నువ్వు నవ్వాలి. నవ్వకపోతే మగాడివి కావు.

జున్రెల్ నవ్వేవాడు.
నవ్వి, అన్నం మానేశాడు.
ఇంట్లో అందరి కంచాల్లో పొగలు కక్కే తెల్లటి కుప్పలు,
అతని ముందు ఉడికిన గుడ్లు రెండు.
పచ్చసొనలు తమ్ముడి కంచంలోకి దొర్లేవి.
ఓ మిట్టమధ్యాహ్నం బస్తాతోపాటు తనూ పడ్డాడు.
ముక్కులోకి పోయిన సిమెంటు కడుక్కుంటూ
"ఎంత తగ్గానో చూడు" అన్నాడు నాతో.
చూశాను. తగ్గింది చెంపలు.
చెప్పలేదు.

క్రిసాంతో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.
బెంచీ మీద అందరికంటే గట్టిగా నవ్వేవాడు,
తలుపంత ఛాతీ ఉన్నవాడు.
సమాల్ దీవికి వెళ్ళినప్పుడు
అందరూ చొక్కాలు విప్పి సముద్రంలో పడితే
వాడొక్కడు మెడదాకా జిప్పు లాక్కుని
ఒడ్డున మాంసం కాలుస్తూ ఉండిపోయాడు.
"నాకు వేడి పడదు" అన్నాడు,
నిప్పులు విసురుతూ.

ఏడాది తిరిగింది.
జున్రెల్ చేతుల మీద నరాలు తాళ్ళలా తేలాయి,
పొట్ట బల్లలా సాపయింది.
బెంచీ మీద జరిగి అతనికి చోటిచ్చారు.

నిన్న ఒక కొత్త కుర్రాడొచ్చాడు.
గొడుగు ఊచల్లాంటి కాళ్ళు.
ఖాళీ రాడ్డు ఎత్తబోయి, దానితోపాటు ఊగాడు.

"ఒరేయ్ నివాంగ్! ఫ్యాను ఆపండ్రా, ఎగిరిపోతాడు!"

ఆ గొంతు జున్రెల్‌ది.
బెంచీ అంతా ఘొల్లుమంది.
అందులో నా నవ్వూ ఉంది, రాయకపోతే తప్పు.
కుర్రాడూ నవ్వాడు.
రూలు వాడికి ఇంటి దగ్గరే తెలిసినట్టుంది.

అప్పుడు చూశాను.
ఆ నవ్వు ఆగకుండానే జున్రెల్
రెండు వేళ్ళతో చొక్కా అంచు పట్టి
ముందుకి లాగాడు.
చొక్కా అంటుకుని లేదు,
అంటుకునే పొట్టా లేదు.
మళ్ళీ లాగాడు.