చేబదులు

ఇరవై ఏడేళ్లుగా మా వయోలాల పని
వయొలిన్లు ఎక్కే మేడకి
కింద నిచ్చెన పట్టుకోవడం.
నిచ్చెన పట్టుకున్నవాళ్లని ఎవరూ చూడరు
అది కదిలితే తప్ప.

ఓస్త్రవాలో బొగ్గుగనులు మూసేశాక
మిగిలిన కాసిని కొలువుల్లో మాదొకటి.
గురువారం కచేరీ. నల్ల గౌను, నల్ల బూట్లు.
ఆ సింఫనీ రెండో భాగంలో, పదహారు గడుల పొడవునా
పైన ఓబో అందంగా ఏడుస్తుంది.
జనం దాన్నే కోటు జేబులో వేసుకుని ఇంటికెళతారు.
కింద మాకో సన్నటి దారం:
దిగి, ఆగి, ఒక్క మెట్టెక్కి
అంతలోనే మనసు మార్చుకుని దిగిపోయే స్వరాలు.
నా పక్క కుర్చీ క్వ్యెతా
దానికి గిన్నెలు కడిగే పాటని పేరు పెట్టింది.
నిజంగానే నేనది కూనిరాగం తీస్తూ
గిన్నెలు కడిగేదాన్ని.

మార్చిలో ఓ పొద్దున
ఎనిమిదో నంబరు ట్రాములో
ఒక పిల్ల చెవుల్లోంచి కారుతోంది అది.
నా తలలోంచే అనుకున్నాను మొదట.

పాట కట్టినవాడెవడో ఓబోని వదిలేశాడు.
మేడంతా పడగొట్టి
నిచ్చెన పట్టుకున్న చేతుల్ని మాత్రం ఏరుకున్నాడు.
కింద డ్రమ్ములు పరిచాడు.
పైన ఒకమ్మాయి, నిద్ర చాలని గొంతుతో,
నీ కోటింకా నా కుర్చీ మీదే ఉందంటోంది
మా స్వరాల మీద కూర్చుని.

ఆ వేసవంతా
ఊరు ఊరంతా మా గిన్నెలు కడిగింది.
రొట్టెలంగడి బ్లజేనా, చిల్లర లెక్కపెడుతూ.
హాకీ స్టేడియంలో పదివేల గొంతులు, గోల్ పడినప్పుడల్లా.
పళ్ల డాక్టరు నా దవడలో డ్రిల్లు పెట్టి
ముక్కుతో అదే తీస్తున్నాడు.
నోరంత తెరుచుకుని ఉండి కూడా
అది నాదని చెప్పలేకపోయాను.

నాదా?
రాసినాయన పోయి రెండు వందల ఏళ్లు,
అదీ ఇంటద్దె బాకీ పెట్టి.
క్వ్యెతా అంటుంది: ఆయన మాత్రం
ఏ వంటమనిషి నోట్లోంచి చేబదులు తెచ్చుకున్నాడో!
కాగితం లేదు, సాక్షి లేదు.
చేబదులుకి వడ్డీ అడగరు,
తీసుకున్న సంగతి గుర్తుంటే చాలు.

ఒక్కచోటే నాకు కడుపుమంట.
పదకొండో గడిలో ఒక అర మెట్టుంది,
పాలల్లో ఉప్పురాయి పడ్డట్టు,
విన్నవాడు తప్పేమోనని ఉలిక్కిపడేలా.
పాటలో దాన్ని చదును చేశారు.
గంతులేసే కాళ్లకి తగులుతుందనేమో.
వంటింట్లో రేడియోకి చెప్పాను, ఉప్పేదిరా అని.
రేడియో మళ్లీ మొదటినుంచి పాడింది.

అక్టోబరులో అదే సింఫనీ. రిహార్సల్.
పదకొండులో రాదోవాన్ కర్ర ఆగిపోయింది.
"వయోలాలూ, ఏం వాయిస్తున్నారు?"
ఎనిమిది మందిమి. అందరం ఒక్కలాగే
రేడియో వాయించాం.
ఓబో ఆయన బూట్లకేసి చూసుకుంటూ నవ్వాడు.
ఇరవై ఏడేళ్లుగా వేలికి కంఠతా వచ్చిన స్వరం మీద
నిన్న చేరినదానిలా
పెన్సిల్‌తో సున్నా చుట్టాను.

కచేరీ రోజు సీట్లన్నీ నిండాయి.
మూడో వరుసలో ఒకావిడ మొగుడి చెవిలో
"ఆ పాట కాపీ కొట్టారు వీళ్లు" అంటే
నాకు వినబడింది.
ఉప్పు వేశాం.
ఎవరో దగ్గారు. ఓబో ఏడ్చింది. చప్పట్లు.

రాత్రి పదిన్నర, ఎనిమిదో నంబరు.
వెనక సీట్లో ఎవరో కుర్రాడు ఈల వేస్తున్నాడు,
చేతిలో మా కచేరీ కాగితం గొట్టంలా చుట్టి.
పదకొండు దాకా వచ్చి తడబడ్డాడు.
చదునుగా వేశాడు. కాదనుకున్నాడు.
మళ్లీ మొదలెట్టాడు.
దాదాపు దొరికింది, జారిపోయింది.

మా వీధి స్టాపు వచ్చింది.
వయోలా పెట్టె ఒళ్లో సర్దుకుని
తలుపులు మూసుకునేదాకా
అలాగే కూర్చున్నాను.